వెనక సీటు మీది గొంగడి

మే 12, సోమవారం

ఈ డైరీ పోయినేడు ఎరువుల దుకాణం వాళ్ళు మా కొడుకు మురళికి ఇచ్చింది. ఆగస్టు పదహారు దాకా వాడి రాత ఉంది, కారు కిరాయిల లెక్క. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, ఏసీ వేశాడా లేదా. కడపటిది సూర్యాపేట నుంచి నాగార్జున సాగర్, పోను రాను, ఏసీ. ఆ తర్వాత అన్నీ ఖాళీ పేజీలు. అచ్చులో ఉన్న వారాలు ఈ ఏటికి కలవవు, అందుకని తారీకులు నేనే వేసుకుంటున్నాను. అయిదో తరగతి వరకే చదివాను. అక్షరాలు వంకరపోయినా చూసేవాళ్ళు లేరు.

పొద్దున అంబలి తాగుతూ మా ఆయన అన్నాడు. "కోదాడ ఆయన ఒకాయన కారు సూడనీకి వస్తడంట. మన వంశీ తోల్కొస్తడు. బ్యాటరీ మంచిగుంటె తీసుకుంటడంట."

వంశీ సూర్యాపేటలో మెకానిక్కు. మురళికి దోస్తు.

"ఎవల్నడిగి రమ్మన్నవ్?" అన్నాను.

"ఎవల్నడగాలె? నడిపెటోడు లేకపాయె. తొమ్మిది నెలలైతుంది. పండవెట్టి పూజ జేస్తవా?"

మా కోడలు గోపిక గిన్నెలు తోముతోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. చేతులకు బూడిద ఉండగానే లేచి నిలబడింది. "కారు పోయినంక నేను గూడ పోత మామా" అంది. "మిర్యాలగూడల రైసుమిల్లుల కంప్యూటర్ పనికి రమ్మంటున్నరు. వేములపల్లి నుంచి మా అమ్మ రోజు ఫోన్ జేస్తుంది. అది వాకిట్ల ఉన్నన్ని దినాలు నాకు కాలు కదుల్తలేదు."

మాది చిన్న వాకిలి. కారుకీ గోడకీ మధ్య మూరెడు సందు. ఇంట్లోకి పోవాలన్నా బయటికి రావాలన్నా పక్కకు తిరిగి నడవాలి. గోపిక అట్లాగే పక్కకు తిరిగి, కొంగు కారుకు తగలకుండా పట్టుకుని లోపలికి పోయింది.

ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను.

మే 13

ఆ కారు మీద నాకేం ఆశ లేదు. ఇనుమే కదా. పోతే పోనీ.

మే 15, గురువారం

ఆయన గొర్లను తోలుకుని పోయినాక రోజూ పొద్దున కారులో కూర్చుంటాను. ఊరికే కాదు. బ్యాటరీ కోసం.

మురళి కారు కొన్న కొత్తలో నాకు నేర్పించాడు. "అవ్వా, ఇది సగం పెట్రోలు, సగం కరెంటు. కరెంటు మనం వెట్టేది లేదు, నడుసుకుంట అదే జేసుకుంటది. బ్యాటరీ ఎన్క సీటు కింద ఉంటది. నిలవడితే సస్తది. నేను రెండు మూడు దినాలు లేకపోతే నువ్వే చాలు జెయ్యి. బ్రేకు తొక్కు, బొత్తం నొక్కు. సప్పుడు రాలేదని మళ్ళ నొక్కకు, ఆగమైతది."

సప్పుడు రాదు. దీపాలు వెలుగుతాయి అంతే. కొంతసేపటికి దానంతట అదే ఇంజను ఒకసారి గుర్రుమని, మళ్ళీ ఊరుకుంటుంది. నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు.

సీటు వాడి కాళ్ళకు సరిపోను వెనక్కి ఉంది. నాకు బ్రేకు అందదు. అంచు మీద కూర్చుని తొక్కుతాను. సీటు ముందుకు జరపలేదు.

కారులో కరెంటు ఉందంటే మొదట్లో భయపడేదాన్ని. అది ఎవరినీ ఏమీ అనలేదు. వాడిని తీసుకుపోయింది బోరు కాడి స్టార్టరు డబ్బా. వాన పడింది, తడి చేయి, వాడు

పెట్రోలు గీత ఇన్ని నెలల నుంచి సగానికి కింద దిగలేదు. మంచి కారు.

వెనక సీటు మీద గొంగడి దులిపి మళ్ళీ సరిగా పరిచాను. మా మామ దగ్గరుండి నేయించిన నల్ల గొంగడి. పెళ్ళిలో బీరప్ప దేవుడి ముందర మురళినీ గోపికనూ దాని మీదే కూర్చోబెట్టాము. వాడి దినాలయిన తెల్లారి నేనే తెచ్చి కారులో పరిచాను. ఎండకు సీటు పాడవుతుందని.

మే 18, ఆదివారం

వచ్చారు.

వాళ్ళు రాకముందే గొంగడి తీసి ఇంట్లో దండెం మీద వేశాను. వాడిన బండిలా కనబడకూడదని.

కోదాడ ఆయన పేరు కాశీరాం. పొట్టి మనిషి, యాభై ఉంటాయి. కళ్ళద్దాల దుకాణమట. కంటి క్యాంపులకని మిర్యాలగూడ, సూర్యాపేట రోజూ తిరుగుతాడట. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, టైరులో గోరు గుచ్చి చూశాడు.

"పైన అంతా బానే ఉందండీ" అన్నాడు మా ఆయనతో. "నా భయమల్లా బ్యాటరీయే. దానికి చీడ ఉంటే కారుతో సమానంగా ఖర్చు. కంటికి కనపడని జబ్బుని కళ్ళద్దాలమ్మేవాణ్ణి నేనెట్టా కొనేది?"

"అందుకే గద సార్ నేనొచ్చింది" అన్నాడు వంశీ. "ఏండ్లు సూసి సెప్పేది కాదు, తిరిగిన కిలోమీటర్లు సూసి సెప్పేది గూడ కాదు. నడిపి సూడాలె."

స్టీరింగు కింద ఒక చిన్న డబ్బా గుచ్చి ఫోనులో అంకెలు చూశాడు. వాడు నడిపాడు, కాశీరాం పక్కన కూర్చున్నాడు. నేనూ వస్తానని వెనక ఎక్కాను. నన్ను చూసి గోపిక కూడా ఎక్కింది. మా ఆయన వాకిట్లోనే ఉండిపోయాడు. తొమ్మిది నెలల తర్వాత వాకిలి దాటింది కారు. తిరుమలగిరి దాటి సూర్యాపేట దారి పట్టినాక, ఎండలో తారు మెరుస్తుంటే, ఎవరు నడుపుతున్నారో నేను కాసేపు చూడలేదు. తల వెనక భాగం ఒక్కటే కనబడుతుంది కదా. వంశీ కూడా పొడుగే.

ముందర తెర మీద బ్యాటరీ బొమ్మ, దాంట్లో ఎనిమిది గీతలు. నా చెవి పక్కన, సీటుకు ఆనుకుని ఉన్న ప్లాస్టిక్ జాలీలో నుంచి ఫ్యాను బొయ్యిమని అరుస్తోంది.

"సూసిండ్రా సార్" అన్నాడు వంశీ. "చాలు జేసినప్పుడు ఆరు గీతలుండె. పావుగంట గాలే, రెండైనయ్. జర బ్రేకు కొడితే మళ్ళ నిండినయ్. సిన్న గిన్నె లెక్క. తొందరగ నిండుతది, తొందరగ ఖాళీ అయితది. మంచి బ్యాటరీ గిట్ల ఎగరది. వేడి గూడ యాభై రెండున్నది. ఎందుకో మరి."

కారు పక్కకు ఆపించి కాశీరాం వెనక తలుపు తీశాడు. జాలీ పక్కన తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఉంది, దవాఖానలో వేసేది. దాని మీద నీలం పెన్నుతో రాసి ఉంది. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి గట్టిగా చదివాడు.

"ఇక్కడ ఏమి పెట్టొద్దు. గాలి ఆడాలె."

నేను అవతలి కిటికీ వైపు తిరిగాను. పత్తి చేలు దున్ని ఉన్నాయి.

"మురళి రాసిండు" అన్నాడు వంశీ. "కిరాయికి ఎక్కినోళ్ళు సంచులు వెడ్తరని. బ్యాటరీ గాలి వీల్చేది గీడికెళ్ళే సార్. పెద్దమ్మా, దీని ముంగట ఏమన్న వెట్టినరా?"

నేను నోరు తెరిచేలోపల గోపిక అంది. "ఏం వెట్టలే అన్నా."

"జాలీ విప్పి సూస్త సార్, జరసేపు."

"అమ్మో, నాకు రెండింటికి క్యాంపు ఉందయ్యా. వద్దులే. ఇది తేలే బేరం కాదు" అని కాశీరాం మమ్మల్ని చూసి చేతులు జోడించాడు. "ఏమనుకోకండమ్మా. మా ఆవిడకి తెలిస్తే నా చూపు పోయిందంటుంది."

ఇంటికొచ్చి మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. వాడు పోయినప్పటి నుంచి అంత ఆకలి ఎప్పుడూ కాలేదు.

గోపిక ఎందుకట్లా అంది? రోజూ చూస్తుంది కదా.

మే 19

గొంగడి మళ్ళీ పరిచాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

మే 21, బుధవారం

ఎండ అనేది అబద్ధం. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇక నిజం ఎక్కడ రాయాలి.

దినాలయిన తెల్లారి కారు తుడుద్దామని వెనక తలుపు తీశాను. ఆ ప్లాస్టరు ముక్క కనబడింది. వాడి చేతిరాత. 'ద్దు'కు కొమ్ము పెద్దగా లాగుతాడు, 'లి'కి గుడి మరీ పైకి పెడతాడు. నిన్ననే రాసినట్టుంది. పీకేద్దామంటే చేయి రాలేదు. చూద్దామంటే కళ్ళు రాలేదు. లోపలికి పోయి గొంగడి తెచ్చి దాని మీదుగా కప్పాను, జాలీ కూడా మునిగేటట్టు.

ఏమి రాసి ఉందో చదివాను. చదవనట్టు కప్పాను.

మే 23, శుక్రవారం

గోపిక వాళ్ళమ్మ ఫోను చేసింది. మిల్లు వాళ్ళు జూన్ రెండు దాకానే ఆగుతారట, తర్వాత వేరే పిల్లను పెట్టుకుంటారట. గోపిక సందులో కారుకు ఆనుకుని మాట్లాడింది. "అమ్ముడువోలేదమ్మా. బ్యాటరీ మంచిగలేదన్నరు. ఏం జెయ్యాలె మరి."

ఇట్లా ఇద్దరం ఒక ఇంట్లో ఉన్నాం. ఆమె పొయ్యి దగ్గరుంటే నేను వాకిట్లో, నేను వాకిట్లో ఉంటే ఆమె లోపల. ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి నడవాలి. సందు అంతే ఉంది.

ఇంతకు ముందు కొలనుపాకకు బంధువుల పెళ్ళికి పిలిచినా పోలేదు. పొద్దున కారు ఎవరు చాలు చేస్తారని. మా ఆయన నవ్వాడు. "నీకు అది పాలిచ్చే బర్రె అయింది" అన్నాడు.

మే 24

కూర్చున్నాను. లేచాను.

మే 25

కూర్చున్నాను. ఫ్యాను అరుస్తోంది. ఇంతకు ముందు ఇంత అరిచేదా? గుర్తు లేదు.

మే 27, మంగళవారం

చింతపండు కోసం సక్కుబాయి దుకాణానికి పోయాను. ఆమె తూకం వేస్తూ నవ్వింది.

"ఏం వదినె, మీ ఇంట్ల పెట్రోలు తాగుతున్నరా?"

"ఏం పెట్రోలు?"

"మీ కోడలు పది పదిహేను దినాలకోసారి నా కాడ సీసలు నింపుకపోతది. మొన్న గూడ రెండు లీటర్లు. బండి లేదాయె. మోటరు కరెంటుదాయె. మరి ఎటు వోతుందంటవ్? మీ ఆయన సాటుకు కల్లుల కలుపుకుంటుండా?"

చింతపండు అక్కడే మరిచి వచ్చాను.

సగానికి దిగని పెట్రోలు గీత. మంచి కారు అని రాసుకున్నాను, ఈ పుస్తకంలోనే.

సాయంత్రం గోపిక చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"కారుల పెట్రోలు ఎందుకు వోస్తున్నవ్?"

తల ఎత్తలేదు. "అయిపోతే చాలు గాదు గద."

"చాలు గాకపోతే నీకేంది?"

"నువ్వేడ కూసుంటవ్ అత్తమ్మా మరి."

చాటలో నుంచి ఒక రాయి నేనూ ఏరి పారేశాను.

"గొంగడి సంగతి?"

"తెల్సు. ఆయన నాకు నూరుసార్లు సెప్పిండు. గాడ చేతి రుమాలు గూడ ఆరెయ్యొద్దన్నడు."

"మరి వంశీ అడిగితే లేదంటివి."

"నేనేం జెప్పాలె?" అప్పుడు ఎత్తింది తల. "మేం పెండ్లిల కూసున్న గొంగడి. నువ్వు తెచ్చి పరిస్తివి. నువ్వు పరిచింది నేనెట్ల తీస్త?"

"పోవాలని లేదా నీకు?"

"ఉంది" అంది. ఆగకుండా అంది. "శాన ఉంది. గీ సందుల నడిసి నడిసి నా నడకే మారింది అత్తమ్మా. మొన్న బస్టాండుల గూడ పక్కకే నడుస్తుంటె ఎవలో నవ్విండ్రు. గని నేను వోతే నువ్వొక్కదానివే గాడ కూసుంటవ్. పెట్రోలు గూడ ఉండది."

చాటలో నుంచి రాళ్ళతో పాటు బియ్యం కూడా పారేస్తోంది.

నేను ఆమెను పట్టుకుని ఉన్నాననుకున్నాను. ఆమె నన్ను పట్టుకుని ఉందని తెలియదు.

మే 28, బుధవారం

వంశీకి ఫోను చేశాను. జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పెద్దమ్మా, కారు బంద్ జేసి తాళం బయట వెట్టు. జాలీ ఒక్కటే మెల్లగ గుంజు, ఊడొస్తది. దాని ఎన్క వడపోత ఉంటది, గది తియ్యి. లోపట ఆరంజి రంగు వైర్లు కనవడితే చెయ్యి వెట్టకు. మిగిలింది ఎల్లుండి నేనొచ్చి ఇప్పుత."

"కరెంటు గుంజదా?"

"గుంజదు. నేను సెప్పినంత వరకే చెయ్యి వెట్టు."

చేతులు రెండుసార్లు తుడుచుకున్నాను. మూడోసారి కొంగుతో వేళ్ళ సందులు తుడుచుకున్నాను. తడి ఉండకూడదు. గోపిక తాళం చేతిలో పట్టుకుని గోడ దగ్గర నిలబడింది.

జాలీ ఊడి వచ్చింది. వెనక వడపోత కనబడలేదు. దాని మీద నల్ల ఉన్ని దట్టంగా పట్టి ఉంది. వేలితో అంచు లేపితే చిన్న గొంగడి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. మా మామ నేయించినంత గట్టిగా, కారు తొమ్మిది నెలలు కూర్చుని నేసింది. గొంగడి ఎప్పుడూ నూగు రాలుస్తుంది. పుట్టినప్పటి నుంచి కప్పుకుంటున్నాను, నాకు తెలియదా.

వాడు గాలి ఆడాలన్నాడు. నేను రోజూ చాలు చేసి, దాన్ని బతికిస్తున్నానని కూర్చుని, ముక్కు మూశాను.

గొంగడి మడిచి ఇంట్లో పెట్టెలో పెట్టాను. ప్లాస్టరు మీద దుమ్ము పొడిగుడ్డతో తుడిచాను. అక్షరాలు పోలేదు.

మే 30, శుక్రవారం

వంశీ వచ్చి వెనక సీటు విప్పాడు. ఫ్యాను రెక్కల నిండా ఉన్ని చుట్టుకుని ఉంది. పళ్ళు తోమే బుర్రుసుతో తీశాడు. అన్నీ బిగించి సూర్యాపేట దాకా పోయి వచ్చాడు. ఈసారి నేను ఎక్కలేదు.

"వేడి ముప్పై ఆరు దాటలే" అన్నాడు ఫోను చూపిస్తూ. "ఇగో, బ్యాటరీల పదునాలుగు అరలుంటయ్. ఒకటి బాగ తక్కువ సూపెడితే గది సచ్చినట్టు. గిన్నిట్ల ఏదీ సావలే. అలిసింది గంతే. ఇంక మూడు నాలుగేండ్లు నడుస్తది. నూరుశాతం అని మాత్రం సెప్ప."

మా ఆయన ఉన్ని ఉండను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నా మీద కోప్పడతాడనుకున్నాను. "మన నల్ల గొర్రెదే" అన్నాడు. అంతే.

జూన్ 1, ఆదివారం

కాశీరాం మళ్ళీ వచ్చాడు. కారు నడపకముందే నేను చెప్పాను.

"సారూ, పోయినసారి మేం అబద్ధమాడినం. గా జాలీ మీద గొంగడి కప్పింది నేనే. బ్యాటరీకి వేడి తగిలింది. వంశీ మంచిగున్నదంటుండు గని నువ్వు నీ కండ్లతోని సూసుకో."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మేవాళ్ళు ఇట్టా చెప్పడం నేను ఎక్కడా చూళ్ళేదమ్మా. మా షాపులో నేను కూడా చెప్పను" అన్నాడు.

గంటసేపు నడిపించుకుని వచ్చాడు. గీతలు నాలుగైదు దగ్గరే నిలిచాయట. ఎంతకు తెగిందో మా ఆయనకు తెలుసు, నేను అడగలేదు. గోపిక సంతకాలు పెట్టింది. ఆమె పేరు పక్కన 'భార్య' అని రాసిన చోట పెన్ను కాసేపు ఆగింది.

కాశీరాం వెనక తలుపు తీసి ప్లాస్టరు ముక్క అంచు గోటితో గీకాడు. "దీన్ని తీసేసి మంచి స్టిక్కరు వేయిస్తాన్లెండి. ఇది మీరు ఉంచుకోండమ్మా, మీ అబ్బాయి రాత కదా."

చేయి చాచాను. నిజం, చాచాను. తర్వాత వెనక్కి తీసుకున్నాను.

"వద్దు సారు. పీకకు. మా ఇంట్ల ఉంటె ఎవలు సదువుతరు. కారుల ఉంటెనే గాడ ఎవలు ఏం వెట్టరు."

గోపిక మొఖం తిప్పుకుంది.

కారు పోయేటప్పుడు చూడకూడదనుకున్నాను. ఇంట్లో పెట్టె పక్కన కూర్చుని, చప్పుడు విని పోయిందని తెలుసుకుందామనుకున్నాను. తలుపు వేసిన చప్పుడు విన్నాను. ఆయన పొట్టి మనిషి. సీటు ముందుకు జరుపుకున్నాడు. గర్రుమని ఆ చప్పుడు కూడా విన్నాను.

ఆ తర్వాత ఎంతసేపు చూసినా చప్పుడు రాలేదు. ఇంకా పోలేదేమో, మనసు మార్చుకున్నాడేమోనని బయటికి వచ్చాను. వాకిలి ఖాళీగా ఉంది. అది సప్పుడు లేకుండా పోతుందని నాకు తెలిసి ఉండాల్సింది. రోజూ చాలు చేసినదాన్ని.

జూన్ 2, సోమవారం

పొద్దున ఏడింటి బస్సుకు గోపిక పోయింది. రెండు సంచులు. పెట్టె తీసి గొంగడి ఇవ్వబోతే వద్దంది. "నీ దగ్గర్నే ఉండనీ. కప్పుకో. మడిచి వెట్టకు" అంది.

వాకిట్లోకి దిగి, కారు ఉన్న చోటికి రాగానే అలవాటుగా పక్కకు తిరిగింది. కొంగు కూడా పట్టుకుంది. రెండడుగులు వేసి నిలబడింది. తనలో తాను నవ్వుకున్నట్టుంది. కొంగు వదిలేసి నేరుగా నడిచిపోయింది.

బస్సు పోయేదాకా నిలబడ్డాను. బస్సుకు చప్పుడు ఉంది. మూల తిరిగినాక కూడా వినబడింది.

జూన్ 5

వాకిలి ఊడ్చాను. ఇంత పెద్దదని తెలియదు. నేను మాత్రం ఇంకా పక్కకే తిరిగి నడుస్తున్నాను.